ఉప్పు తిన్న మట్టి

విజయవాడ రోడ్డు మీదుగా హైదరాబాదు వచ్చే బస్సులు సగం జనాన్ని ఎల్బీ నగర్‌లోనే దించేస్తాయి. హయత్‌నగర్ దాటగానే లైట్లు వెలుగుతాయి, పై అరల్లోంచి సంచులు దిగుతాయి. వేసవిలో అయితే ఆ సంచుల్లోంచి ఆవపిండి ఘాటు బస్సంతా కమ్ముకుంటుంది. కొడుకులకీ కూతుళ్లకీ కొత్తావకాయ మోసుకొచ్చే పెద్దవాళ్లు మా గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ తక్కువేమీ లేరు. కాకపోతే ఇప్పుడు అదంతా ప్లాస్టిక్ డబ్బాల్లో, కవరు మీద కవరు చుట్టుకుని వస్తోంది. మా ముందు తరం జాడీలతోనే వచ్చింది. మూతికి గుడ్డతో వాసెన కట్టి, ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా మెలకువగా కూచుని తెచ్చిన జాడీలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, వనస్థలిపురం కాలనీల వంటిళ్లలో అటకల మీద ఇంకా ఉన్నాయి. నేను రాజమండ్రి నుంచి వచ్చింది ఆ జాడీల కోసం.

ప్రత్యేకించి ఒక రకం జాడీ కోసం. ఉప్పుతో మెరుగు పట్టిన పాత స్టోన్‌వేర్ గురించి చాలాకాలంగా చదువుతున్నాను. ఒకప్పుడు ఐరోపాలో కూజాలు, గ్లాసులు, పళ్లేలు, టీ కెటిల్లు ఆ పద్ధతిలో చేసుకున్నారు. అలాంటి పాత్ర ఒక్కటైనా మన భోజనాల గదిలో దొరుకుతుందేమో చూడాలన్నది నా కోరిక.

స్టోన్‌వేర్ అంటే మామూలు కుండ కంటే చాలా ఎక్కువ వేడిలో కాలిన మట్టి. మన కుమ్మరి ఆవంలో వేడి ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలు ఉంటుంది. అందుకే కుండ గోడలోంచి నీరు ఊరుతుంది, కుండ చల్లగా ఉంటుంది. అదే తగిన మట్టిని 1,200 డిగ్రీలు దాటించి కాలిస్తే మట్టి రేణువులు కొంత కరిగి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి, గోడ నీళ్లు పీల్చడం మానేస్తుంది. దీనికి అన్ని మట్టులూ పనికిరావు, చాలా మట్టులు ఆ వేడికి వంగి కూలిపోతాయి. మా బస్సు రాత్రి భీమడోలు మీదుగా వచ్చింది. అక్కడికి దగ్గర్లో ద్వారకా తిరుమల చుట్టుపక్కల తవ్వే బాల్ క్లే ఈ వేడిని తట్టుకునే జాతి మట్టే. చినవెంకన్న దర్శనానికి వెళ్లే వాళ్లలో ఎంతమంది ఆ మట్టి వైపు చూస్తారో గానీ, సిరామిక్ పని చేసేవాళ్లకి ఆ ఊరి పేరు మట్టితోనే తెలుసు.

ఇక ఉప్పు సంగతి. దీన్ని కొంచెం తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మనిషి చేతి పనుల్లో ఇంత సాహసమైన పని నాకు మరొకటి కనపడలేదు.

మామూలుగా గ్లేజు అంటే ముందే నూరి కలిపి పెట్టుకున్న ద్రవంలో పాత్రని ముంచడమో, పైన పూయడమో. ఉప్పు పద్ధతిలో పూత అనేదే లేదు. ఆరిన మట్టి పాత్రల్ని ఏ పూతా లేకుండా బట్టీలో పేరుస్తారు. ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్య మధ్య చిన్న మట్టి బిళ్లలు పెడతారు. వేడి 1,200 డిగ్రీలు దాటి మట్టి బిగిసే దశకి వచ్చాక, మండుతున్న పొయ్యి నోట్లోకి తడి ఉప్పు విసురుతారు. మనం ఆవకాయలో వేసే రాళ్ల ఉప్పే. ఉప్పు 801 డిగ్రీలకే కరుగుతుంది, అంత వేడిలో పడగానే చిటపటమని పేలి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి మంటతో పాటు బట్టీ అంతా తిరుగుతుంది. అందులోని సోడియం పాత్ర ఒంటి మీదున్న సిలికానీ అల్యూమినానీ పట్టుకుని అక్కడికక్కడే గాజుగా మారుతుంది. క్లోరిన్ నీటి ఆవిరిలోని హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లమై తెల్లటి పొగతో చిమ్నీ దాటిపోతుంది.

ఒకసారి విసిరితే చాలదు. కాసేపు ఆగాలి, వేడి మళ్లీ పుంజుకోవాలి, మళ్లీ విసరాలి. చాలిందో లేదో తెలియడానికి పాత పనివాళ్లు ఒక ఉపాయం పెట్టుకున్నారు. అదే మట్టితో చేసిన ఉంగరాల్ని బట్టీ గోడలోని కంతకి ఎదురుగా పెట్టేవారు. ఇనప కడ్డీతో ఒక ఉంగరాన్ని బయటికి లాగి, చల్లార్చి, మెరుగు ఎంత మందం పట్టిందో చూసేవారు. పలచగా ఉంటే మళ్లీ ఉప్పు. ఆ ఉంగరం ఒక్కటే లోపలి కబురు తెచ్చేది, లోపలున్న వందల పాత్రల గతి దాన్ని బట్టే తేల్చుకోవాలి. ఉప్పు ఆవిరి పాత్రల్నే కాదు, బట్టీ ఇటుకల్ని కూడా వదలదు. ప్రతి కాల్పుకీ ఇటుకల మీద గాజు పేరుకుంటుంది, కొన్నాళ్లకి ఇటుకే కరిగి కారుతుంది. ఒకసారి ఉప్పు రుచి చూసిన బట్టీని మరే పనికీ వాడలేరు.

ఇలా పుట్టిన మెరుగు నున్నగా ఉండదు. సన్నటి గుంటలతో, నారింజ తొక్క మీద వేలు పెట్టినట్టు తగులుతుంది. అది పైన పరిచిన పొర కాదు గనక పెచ్చులుగా లేవదు. సీసం ఊసే లేదు గనక పులుపు తగిలినా విషం దిగదు. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయలతో బతికే మన వంటింటికి ఇంతకంటే కావలసిందేముంది? మట్టి కుండలో ఊరగాయ పెడితే ఉప్పు గోడలోంచి బయటికి పొటమరించి తెల్లగా పూస్తుంది, గోడని పిండి చేస్తుంది. ఇత్తడి కిలుం పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. కాల్పులోనే ఉప్పు తిన్న మట్టికి ఆ తర్వాత ఉప్పుతో పేచీ లేదు. ఉప్పుకి ఉప్పే కాపలా.

చైతన్యపురిలో మా పెద్దమ్మ ఇల్లు ఉంది. అటక మీంచి జాడీ దించమంటే ఆవిడ ముందు నవ్వింది. దించాక నేను దాన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే, "ఏంట్రా దాన్నలా తడుముతున్నావు? అది నీకంటే పెద్దది, జాగ్రత్త" అంది.

జాడీ పైసగం తేనె రంగు, కింది సగం పాలిపోయిన మీగడ రంగు. రెండు రంగులూ కలిసేచోట సన్నటి గీత. ఒకచోట తేనె రంగు కొంచెం కిందికి జారి మీగడ రంగు మీదికెక్కింది, అక్కడ వేలికి అంచు తగులుతుంది. మిగతా ఒళ్లంతా నున్నగా ఉంది. అడుగున గ్లేజు లేని వలయం ఉంది. దానికి నాలుక కొస ఆనించి చూశాను, అతుక్కోలేదు. కుండ పెంకైతే తడి పీల్చి నాలుకని పట్టుకునేది. అంటే ఇది అసలైన స్టోన్‌వేర్. కానీ ఉప్పు మెరుగు కాదు, ఒక కొసన ఒక ద్రవంలో, రెండో కొసన మరో ద్రవంలో ముంచి కాల్చింది.

ఈ రెండు రంగుల పద్ధతికి ఒక పుట్టుక ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో విలియం పావెల్ అనే కుండల తయారీదారు 1835లో ఫెల్స్‌పార్, జింకుతో ద్రవ గ్లేజు తయారుచేశాడు. ఉప్పు అక్కర్లేదు, ఆమ్లపు పొగ రాదు, ఒకే కాల్పు సరిపోతుంది. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు జాడీలు అక్కడి నుంచే లోకమంతా పాకాయి. మనవి కూడా ఆ వంశమే.

"ఇందులో పెడితే మాగాయ రెండేళ్లు ఉండేది, రంగు మారేది కాదు" అంది పెద్దమ్మ. "ఇప్పుడు నెల తిరక్కుండా అయిపోతోంది, ఇంతదెందుకు? పైగా ఎత్తలేను." జాడీలో ఇప్పుడు పాత తాళాలు, దీపావళి ఒత్తులు ఉన్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను దగ్గర దిగి, సాయిబాబా గుడి వైపు సందుల్లో సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. పుస్తకాల షాపులు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల కొట్లు, వాటి మధ్య ఇరుక్కుని స్టీలు సామాన్ల కొట్లు. పచ్చళ్ల రోజులు గనక ఒక కొట్టు ముందు జాడీలు వరస పేర్చి ఉన్నాయి, అర కిలోది మొదలుకుని పది కిలోలది దాకా. ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. అన్నీ ముంచిన గ్లేజే. కొట్టతను నా వాలకం చూసి తనే అన్నాడు: "ఖుర్జా మాలు సార్. ఉప్పేస్తె ఏం గాదు, చింతపండేస్తె ఏం గాదు. కింద పడితెనే పోతది."

ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా పింగాణీ పనికి పేరున్న ఊరు. అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు, అవి మంచి జాడీలే. నేను వెతికేది మాత్రం ఆ వరసలో లేదు.

ఉప్పు పాత్రల సొంత ఊరు జర్మనీలోని రైన్ నది లోయ. సీగ్‌బర్గ్, కొలోన్, ఫ్రెచెన్, వెస్టర్‌వాల్డ్ ప్రాంతాల్లో పదహారో శతాబ్దం చివరికే ఈ పని కుదురుకుంది. ఫ్రెచెన్‌లో కూజా మెడ మీద గడ్డపు మనిషి ముఖం అద్దేవారు. వెస్టర్‌వాల్డ్ వాళ్లు బూడిద రంగు ఒంటి మీద కోబాల్టు నీలంతో పువ్వులు వేసేవారు. ఉప్పు ఆవిరికి చెదరకుండా నిలబడే రంగులు కొన్నే, వాటిలో కోబాల్టు ముందుంటుంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో నూనెకీ సారాకీ ఈ గడ్డపు కూజాలే వాడారు. 1629లో ఆస్ట్రేలియా పడమటి తీరాన మునిగిన బటావియా ఓడ శిథిలాల్లో అవి దొరికాయి. అదే కంపెనీ అప్పటికే మన బందరులో, పులికాట్‌లో స్థావరాలు పెట్టుకుని కలంకారీ గుడ్డలు కొంటోంది.

ఇంగ్లండులో జాన్ డ్వైట్ 1672లో స్టోన్‌వేర్‌కి పేటెంటు తీసుకుని లండన్ దగ్గర ఫుల్హమ్‌లో పని మొదలుపెట్టాడు. అయితే భోజనాల బల్ల మీద ఉప్పు మెరుగుకి రాజయోగం పట్టింది ఆ తర్వాతి శతాబ్దంలో, స్టాఫర్డ్‌షైర్‌లో. అక్కడి వాళ్లు డెవన్, డోర్సెట్ల నుంచి తెల్ల మట్టి తెప్పించి, అందులో కాల్చి పొడి చేసిన చెకుముకి రాయి కలిపారు. దాంతో ఒళ్లు తెల్లబడింది, పలచటి పళ్లెం వంగకుండా నిలబడింది, సిలికా పెరిగి ఉప్పు బాగా పట్టింది. 1720 ప్రాంతం నుంచి ఇంచుమించు 1780 దాకా మధ్యతరగతి ఇంగ్లీషు ఇళ్లలో ఈ తెల్ల ఉప్పు పళ్లేలు తిరిగాయి. అంచుల మీద బుట్ట అల్లిక, గింజల వరస, చుక్కల గళ్లు, అన్నీ అచ్చులోంచి ఒక్క నొక్కుతో వచ్చినవే. మామూలు గ్లేజైతే ఆ సన్నటి నగిషీలో నిండిపోయి పనితనాన్ని కప్పేసేది. ఉప్పు ఆవిరి పలచగా పడుతుంది గనక ప్రతి గింజా స్పష్టంగా నిలిచింది. 1740ల నుంచి ప్లాస్టర్ అచ్చుల్లో పలచటి మట్టి ద్రవం పోసి గ్రేవీ గిన్నెలు, వింత ఆకారాల టీ కెటిల్లు తీశారు. పళ్లేల్ని కాల్చే మట్టి పెట్టెలకి పక్కల కంతలు పొడిచేవారు, ఆవిరి లోపలికి దూరడానికి. ఉప్పునేమో బట్టీ నెత్తి మీదున్న రంధ్రాల్లోంచి పోసేవారు, చుట్టూ కట్టిన మంచె మీద నిలబడి. ఆ తెల్లటి ఆమ్లపు పొగ మధ్యన ఊపిరి బిగబట్టి పోసిన ఆ మనుషుల పేర్లు ఏ పళ్లెం వెనకా లేవు.

ఈ రాజయోగాన్ని ముగించింది జొసయా వెడ్జ్‌వుడ్. 1760ల్లో అతను తీర్చిదిద్దిన మీగడ రంగు సామాను నున్నగా, చవగ్గా ఉండేది, ఫోర్కు గీసినా కరకరమనేది కాదు. ఇరవై ఏళ్లలో ఉప్పు పళ్లేలు బల్లల మీంచి దిగిపోయాయి. మలక్‌పేట మెట్రో స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే సాలార్‌జంగ్ మ్యూజియం ఎంతో దూరం లేదు, అక్కడ వెడ్జ్‌వుడ్ పనిని అద్దాల వెనక చూసి వచ్చాను. గొప్ప పనే, సందేహం లేదు. కానీ అది చూస్తున్నంతసేపూ దాని ముందు ఓడిపోయిన పళ్లెమే నా కళ్ల ముందు మెదిలింది.

బల్ల మీద ఓడిపోయిన మెరుగు ఎక్కడికి పోయిందన్నది కొత్తపేట వెనక ఒక సందులో తెలిసింది.

2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు నీట మునిగాక ఇటువైపు నాలాల పనులు జోరందుకున్నాయి. మురుగు లైన్ల మరమ్మతులు సరేసరి. ఆ సందులో రోడ్డు కోసి మనిషి నిలువు లోతున కందకం తవ్వారు. గట్టు మీద మట్టికుప్ప పక్కన విరిగిన పైపు ముక్కలు పడేసి ఉన్నాయి, ముదురు గోధుమ రంగువి. వాన వెలిసిన ఎండ పడి ఒక ముక్క తళుక్కుమంది. చేతిలోకి తీసుకున్నాను. జానెడు పెంకు, బొటనవేలంత మందం. బయటి వైపు మట్టి తుడిస్తే సన్నటి గుంటల మెరుగు, ఒకచోట బెల్లపు రంగు, ఇంకోచోట దాదాపు నలుపు. మంట తగిలిన వైపు ఏదో, నీడన ఉన్న వైపు ఏదో ఆ ఒక్క ముక్క మీదే చదువుకోవచ్చు. విరిగిన అంచు లోపల బూడిద రంగు, ఇసుక రవ్వలు మెరుస్తున్నాయి. లోపలి వైపు కూడా అదే మెరుగు. మెరుగుకీ మట్టికీ నడుమ గీత కోసం గోటితో వెతికాను. గీత లేదు, ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇదే ఉప్పు తిన్న మట్టి. ఏ అటక మీదా దొరకనిది హైదరాబాదులో కాళ్ల కిందుంది.

కందకంలోంచి పైకొచ్చిన మేస్త్రీ నా చేతిలో ముక్క చూశాడు. "పాత గ్లేజు పైపు సార్ అది. పైపుకేం గాలే. జాయింటు కాడ చెట్టు ఏర్లు సొచ్చినయి, అందుకే జాం అయింది." మొత్తం లైను తీసేస్తారా అని అడిగాను. "ఎందుకు సార్? ఇరిగినకాడి మందమే తీస్తం. మిగతది మంచిగున్నది, గట్లనే ఉంటది."

అతని మాట వెనక రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ ఇంగ్లండు పేదల ఆరోగ్యం మీద ఇచ్చిన నివేదిక మురుగునీటిని ఊరి మధ్య నిలవనివ్వకూడదని గట్టిగా వాదించింది. 1846లో హెన్రీ డౌల్టన్ లండన్ లాంబెత్‌లో ఉప్పు మెరుగు పైపుల ఫ్యాక్టరీ పెట్టాడు. అతని తండ్రి జాన్ డౌల్టన్ 1815 నుంచి చేసింది బీరు కూజాలు, సీసాలు. అదే మట్టి, అదే ఉప్పు, కొడుకు చేతిలో ఊరి ఆరోగ్యం కాసే వస్తువైంది. పైపుకి రెండు కొసలూ తెరిచే ఉంటాయి గనక ఉప్పు ఆవిరి ఇటు నుంచి అటు దూసుకుపోయి లోపలా బయటా ఒకే కాల్పులో మెరుగు పెడుతుంది. ఇరుకు మూతి జాడీలోకి ఆవిరి సరిగా దూరదు, లోపల వేరే పూత వెయ్యక తప్పదు. పాత్రకి లోపమైన గుణం పైపుకి వరమైంది. కొన్నాళ్లకి బర్న్ కంపెనీ బెంగాల్లో బొగ్గు గనుల పక్కన రాణీగంజ్‌లో ఈ పైపుల పని పెట్టింది. బొగ్గు, మట్టి, ఉప్పు మూడూ మన దేశంలో దండిగా ఉన్నవే. పైపుని మరలోంచి ఒత్తి తీయడం, ఒక కొసకి వెడల్పు మూతి పెట్టడం, ఆరబెట్టడం, గుండ్రటి బట్టీలో నిలువునా పేర్చడం, చివర ఉప్పు విసరడం, ఇంతే పని. 100 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా వెడల్పున్న ఈ పైపులకి భారత ప్రమాణాల సంఖ్య ఐఎస్ 651. పీల్చే నీరెంత, ఆమ్లానికి తట్టుకునేదెంత అన్నీ అందులో లెక్క కట్టి రాశారు.

ఆమ్లం సంగతి ఎందుకంటే, మురుగు నిలిచినచోట హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. పైపు పైకప్పు తడిలో బాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. సిమెంటు పైపుని ఆ ఆమ్లం నెత్తి మీంచి తినుకుంటూ వస్తుంది, ఒకరోజు రోడ్డు కుంగుతుంది. ఉప్పు మెరుగు పైపుని ఆ ఆమ్లం ఏమీ చెయ్యలేదు. దాని బలహీనతలు వేరు: పొడవు మీటరు కంటే తక్కువ, అడుగడుక్కీ జాయింటు, పైనుంచి లారీ బరువు పడి నేల కుంగితే పెళుసుగా పగలడం. అందుకే కొత్త లైన్లలో సిమెంటు, ప్లాస్టిక్ పైపులే దించుతున్నారు.

హైదరాబాదుని 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక విశ్వేశ్వరయ్య వచ్చి చేసిన పథకాలు మనకి తెలుసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పేర్లు ప్రతివాడి నోటా ఉంటాయి. నీళ్లు రావడం ఎంత గొప్పో, వాడిన నీళ్లు మనిషికి తగలకుండా వెళ్లిపోవడం అంతే గొప్ప. 1931 నాటి హైదరాబాదు భూగర్భ మురుగు వ్యవస్థని అంత గర్వంగా చెప్పుకునే వాళ్లు తక్కువ. ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం అప్పటికి ఆ ఊళ్లో భాగాలే కావు, 2007 దాకా వేరే మునిసిపాలిటీలు. ఇక్కడి లైన్లు కాలనీలు లేచినకొద్దీ ముక్కలు ముక్కలుగా పడ్డవి. ఇప్పుడు నాగోలులో మూసీ పక్కన రోజుకి 17.2 కోట్ల లీటర్ల మురుగుని శుద్ధి చేయగల కేంద్రం ఉంది.

వెడ్జ్‌వుడ్ కప్పుకి దొరికిన అద్దాల బీరువా ఈ పైపుకీ దొరకాలని నేను నిజంగా అనుకుంటున్నాను. మా పెద్దమ్మ తరం ఇక్కడ పిల్లల్ని పెంచి పెద్దచేస్తుంటే ఆ ఇళ్ల మురుగుని చప్పుడు లేకుండా మోసింది ఈ పైపులే. జలమండలి ఇంజినీర్లకీ కాంట్రాక్టర్లకీ నా విన్నపం చిన్నది. తవ్వినప్పుడు విరగని పైపు బయటపడితే పారెయ్యకుండా పక్కన పెట్టండి. ప్రమాణాల ప్రకారం పైపు మీద తయారీదారు పేరు గానీ ముద్ర గానీ ఉండాలి, వెడల్పు మూతి దగ్గర బురద కడిగి దాన్ని వెతకండి. ఏ కంపెనీది, ఏ వీధిలో ఎంత లోతున దొరికింది, పక్క మ్యాన్‌హోల్ మీద ఏ సంవత్సరం ఉంది, ఈ నాలుగు ముక్కలు ఒక చీటీ మీద రాసి పైపుకి కట్టండి.